పాత రివెట్ల అల్యూమినియం బోటు బాగుచేసుకున్న కథ – నా అనుభవం

మిన్నసోటాలో ఉంటూ, తక్కువలో ఒక పాత బోటు దొరికితే కొందామని చూస్తున్న మనవాళ్ళు కొందరు నన్ను అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాది 14 అడుగుల అల్యూమినియం బోటు, 1970ల నాటిది, వెల్డింగ్ లేకుండా మొత్తం రివెట్లతో (రంధ్రంలో పెట్టి రెండు వైపులా తల వచ్చేలా కొట్టి బిగించే మేకులు) కట్టింది. కిందటి సెప్టెంబరు చివర్లో ట్రెయిలరు, పాత మోటారుతో కలిపి 900 డాలర్లకు కొన్నాను. నమ్మకంగా పిల్లల్ని ఎక్కించుకుని చెరువులో దిగింది మాత్రం ఈ జూన్ రెండో వారంలో. ఇలాంటి బోట్లకు ఈ రాష్ట్రంలో కొదవ లేదు. లండ్, అల్యూమాక్రాఫ్ట్, క్రెస్ట్‌లైనర్ కంపెనీలు ఇక్కడ పెరిగినవే, ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరి ఇంటి వెనక టార్పాలిన్ కప్పిన బోటు ఒకటి ఉంటుంది. అందుకే ధర తక్కువ అనుకున్నాను. అసలు ఎందుకు తక్కువో తర్వాత తెలిసింది.

అమ్మినాయన దాచకుండానే చెప్పాడు, రెండు మూడు రివెట్ల దగ్గర కాస్త ఊట ఉంది, ఒక ట్యూబు సీలెంట్ పూస్తే సరిపోతుందని. అక్టోబరు మొదట్లో నేనూ మా బావమరిదీ దగ్గర్లోని చిన్న చెరువులో దించాం. ఒడ్డు దగ్గర నిలబెట్టినంతసేపూ లోపల చుక్క నీరు లేదు. మోటారు వేసి వేగం అందుకోగానే మధ్య బెంచీ కింద నుంచి నీళ్ళు రావడం మొదలై అరగంటలో మా బూట్లు తడిశాయి. "బావా, ముందు ఒడ్డుకి పోదాం పద, చేపల సంగతి తర్వాత" అన్నాడు వాడు. అసలు విషయం అక్కడే ఉంది. కదలకుండా ఉంటే కారనిది, అల తగిలితే కారుతోంది. అంటే చిల్లు కాదు, కింద రేకు ఆడుతోంది. రేకు ఆడితే రివెట్ రంధ్రాలు సాగుతాయి, రంధ్రం సాగితే పైన ఎన్ని ట్యూబులు పూసినా నాలుగు రోజులే. ఇది అర్థం కావడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఎక్కడెక్కడ కారుతుందో తెలుసుకోవడానికి అందరూ చెప్పే పద్ధతి, బోటును ట్రెయిలరు మీదే ఉంచి లోపల నీళ్ళు నింపి, బయట చెమ్మ కనబడిన చోటల్లా గుర్తు పెట్టడం. పద్ధతి మంచిదే, కానీ బరువు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ సైజు బోటు అడుగున నాలుగంగుళాల నీళ్ళు నిలిస్తే దాదాపు 1000 పౌండ్లు. ఆ ట్రెయిలరు మోయగలిగేదే అంత ఉంటుంది, అదీ యాభై ఏళ్ళ కింద కొత్తగా ఉన్నప్పుడు. అందుకని కీల్ (బోటు అడుగున నడిమధ్య ముందు నుంచి వెనక దాకా ఉండే గట్టి పట్టీ) కింద చెక్క దిమ్మలు పేర్చి, ముందు భాగం కిందికి వంచి ముందు వైపు కాసిని నీళ్ళు, తర్వాత వెనక్కి వంచి వెనక కాసిని, ఇలా విడతలుగా పట్టాను. పొడిగా తుడిచిన అడుగు కింద పడుకుని, తలకు లైటు కట్టుకుని, మార్కర్‌తో సున్నాలు చుట్టుకుంటూ పోతే అరవై దాటాయి. రెండు మూడు అన్నాడు కదా ఆయన!

గుర్తు పెట్టేటప్పుడు ఇంకోటి చూశాను. కొన్ని రివెట్ల చుట్టూ నల్లటి చారలున్నాయి. రివెట్ వదులై రేకుతో రాసుకుంటే అల్యూమినియం పొడి అలా నల్లగా బయటికి వస్తుంది. నీళ్ళు కారకపోయినా అది జబ్బు రివెట్టే. లోపలి నుంచి ఒకరు అడుగు రేకుకు బలానికి అడ్డంగా వేసిన పట్టీని, అంటే రిబ్‌ను కాలితో నొక్కుతుంటే బయట రివెట్ తల మీద వేలు పెడితే కదలిక వేలికి తెలుస్తుంది. మా ఆవిడ లోపల నిలబడి నొక్కుతూ "ఏవండీ, ఇది కడుపులా లోపలికి పోతోంది" అంది. మధ్య బెంచీ కింద మూడు రిబ్స్ పగిలి ఉన్నాయని అప్పుడే తేలింది.

మొదట నేను చేద్దామనుకోలేదు. రెండు వెల్డింగ్ షాపులకు ఫొటోలు పంపాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకాయన వారం తర్వాత బోటు తెమ్మని, చూసి, చేయనన్నాడు. కోపం వచ్చింది గానీ ఆయన చెప్పిన కారణం న్యాయమైనది. రేకు పల్చన, అతుకుల మధ్య యాభై ఏళ్ళ మురికి, పాత గమ్ము. వెల్డ్ వేస్తే మురికి పొంగి బుడగలు వస్తాయి, ఆ వేడికి పక్క రివెట్లు వదులవుతాయి, పైగా బోటు తేలడానికి బెంచీల్లో పెట్టిన ఫోమ్ అంటుకుంటుంది. "రివెట్లతో కట్టినదాన్ని రివెట్లతోనే బాగుచెయ్యి" అని పంపేశాడు. డబ్బులు తీసుకోలేదు.

నవంబరు అంతా విప్పడమే. బెంచీలు తీస్తే కింద ఫోమ్ దిమ్మలు బయటపడ్డాయి. చూడటానికి పొడిగా ఉన్నాయి, ఎత్తితే నడుం పట్టేసింది. బాత్రూమ్ తూకం తెచ్చి ఒక్కొక్కటీ పెట్టి చూస్తే మొత్తం నూట పది పౌండ్ల దాకా తేలింది. అందులో ఫోమ్ బరువెంత, మిగతాదంతా ఏళ్ళ తరబడి పీల్చిన నీరే. బోటు అంత లోతుగా ఎందుకు కూర్చుంటోందో, మోటారు ఎందుకు అంత మూలుగుతోందో సగం అక్కడే తెలిసింది. వెనక మోటారు తగిలించే ట్రాన్సమ్ చెక్క సంగతి ఇంకా ఘోరం. పైన రంగు బాగానే ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది. చేత్తో పిడికిళ్ళుగా తీసి బకెట్‌లో వేశాను.

వీటన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది మాత్రం పాత యజమానుల్లో ఎవరో పూసిన సిలికాన్. సిలికాన్ మీద ఏదీ అంటదు, సీలెంట్ అంటదు, ఎపాక్సీ అంటదు, రంగూ అంటదు. గీకినా కంటికి కనబడని పొర మిగులుతుంది. ప్లాస్టిక్ బ్లేడుతో గీకడం, ద్రావకంతో తుడవడం, మళ్ళీ గీకడం, ఇదే పని. ఇంకొకరెవరో దాని పక్కనే ఇంటి పైకప్పులకు పూసే తారు పూశారు. వాళ్ళని ఏమనాలో ఇక్కడ రాయలేను. రుద్దడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్ మాత్రమే వాడండి. మామూలు ఇనుప బ్రష్ వాడితే ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి, తడి తగిలినప్పుడల్లా ఆ చుట్టూ తినేస్తుంది.

డిసెంబరు నుంచి మార్చి దాకా పని ఆగిపోయింది. మా గ్యారేజీలో హీటర్ లేదు. ఇక్కడి జనవరి ఎలా ఉంటుందో ఉన్నవాళ్ళకు తెలుసు, సీలెంట్ ట్యూబు నొక్కితే బయటికి రాదు, వచ్చినా గట్టిపడదు. సామాన్లు తెప్పించుకోవడానికి ఆ కాలం వాడుకున్నాను. దగ్గరి హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే పాప్ రివెట్లు (ఒక వైపు నుంచే పుల్ల లాగి బిగించే బోలు రివెట్లు) చూపిస్తారు, మనకు కావలసింది లోపల బోలు లేని గట్టి రివెట్లు. విమానాల విడిభాగాలు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో దొరికాయి, పౌండ్ల లెక్కన అమ్ముతారు, రెండు వారాల్లో వచ్చాయి. పొడుగు ఎంత కావాలన్నది లెక్క కట్టుకోవాలి. కలిపి బిగించాల్సిన రేకుల మందం, దానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. నా దగ్గర రేకు, రిబ్ కలిపి 5/32 అంగుళం, రివెట్ 3/16, దానికి ఒకటిన్నర రెట్లు 9/32, మొత్తం 7/16. పొట్టిదైతే లోపల తల సరిగా రాదు, పొడుగుదైతే పక్కకు వంగిపోతుంది. తెలియని చోట్ల కోసం ఇంకో రెండు సైజులు కూడా తెప్పించాను, అది డబ్బు దండగ కాలేదు.

ఈ మధ్యలో అమ్మ వీడియో కాల్‌లో గ్యారేజీ చూసి, "అమెరికా వెళ్ళి సత్తు గిన్నెలకు మాట్లు వేస్తున్నావా నాయనా" అంది. ఆ తర్వాత చేసిన పని చూస్తే ఆవిడ తప్పేమీ అనలేదు.

ఏప్రిల్ రెండో వారానికి పగలు కాస్త వెచ్చబడింది. ముందు రిబ్స్. దీని గురించి కాస్త గట్టిగా చెప్పదలుచుకున్నాను, ఎందుకంటే నేను చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం సీలెంట్ పూయడంతో మొదలై అక్కడే అయిపోతాయి. ముందు రేకు ఆడకుండా ఆపాలి, తర్వాత రివెట్లు బిగించాలి, పూత అన్నిటికంటే చివర. పగిలిన రిబ్స్ పక్కన బలానికి 6061-టి6 అల్యూమినియం యాంగిల్ వేద్దామనుకున్నాను. గట్టి సరుకు, కానీ మడత పెడితే పగులుతుంది. అడుగు తిన్నగా ఉన్న చోట అదే వేశాను. వంపు తిరిగే చోటికి 5052 రేకు కావాలి, అది మడతకు ఒదుగుతుంది. దాన్ని ఛానెల్‌లా మడిచే యంత్రం మన దగ్గర ఉండదు కదా, ఇళ్ళకు హీటింగ్ డక్టులు చేసే ఒక చిన్న షాపుకు అట్టముక్కతో కొలత కత్తిరించి తీసుకెళితే, వారంలో అరవై డాలర్లకు మడిచి ఇచ్చారు. వెల్డింగ్ షాపుల వెంట తిరిగే బదులు ముందే అక్కడికి వెళ్ళి ఉంటే బాగుండేది అనిపించేంత చక్కగా చేశారు. పగుళ్ళ చివర్లలో 1/8 అంగుళం రంధ్రం వేశాను, పగులు అక్కడితో ఆగుతుంది, లేకపోతే కొత్త ముక్క కింద నుంచే ముందుకు పాకుతుంది.

ఇక రివెట్లు. వదులైనవి అన్నీ పీకక్కర్లేదు, చాలావాటిని ఉన్నచోటే మళ్ళీ బిగించవచ్చు. బయట రివెట్ తల మీద, ఆ తల ఆకారానికి సరిపోయే గిన్నె మొన పెట్టిన ఎయిర్ హ్యామర్ (గాలి ఒత్తిడితో కొట్టే సుత్తి). లోపల తోక మీద బరువైన ఇనుప దిమ్మ ఆనించి గట్టిగా పట్టుకుని ఒకరు. హ్యామర్ కొట్టిన దెబ్బకు తోక దిమ్మకేసి నలిగి బిగుస్తుంది. ఒక్కళ్ళతో అయ్యే పని కాదు. మొదటి శనివారం బావమరిది వచ్చాడు. వాడి చేతులు వెనక భాగంలో పట్టాయి గానీ ముందు డెక్ కిందకి దూరలేదు. హైస్కూల్ చదువుతున్న మా అమ్మాయి దూరింది. చెవులకు మఫ్‌లు, కళ్ళకు అద్దాలు, లోపల దిమ్మ పట్టుకుని కూర్చుని, నేను కొట్టగానే "నాన్నా, ఇది ఓకే", "ఇది ఇంకా లూజ్", "ఇది పోయింది, మార్చెయ్" అని అరిచేది. నాకంటే దానికే ముందు పట్టుబడింది. దిమ్మ సరిగ్గా ఆనితే దెబ్బ శబ్దం మొద్దుగా వస్తుంది, ఆనకపోతే డబ్బా మోత. నేను బయట నుంచి మోత విని తేడా పట్టడం నేర్చుకున్నాను. హ్యామర్ ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టండి, ఎక్కువైతే రివెట్ చుట్టూ రేకు గుంట పడుతుంది.

ఆ మోత మామూలుగా ఉండదు. ఖాళీ బోటు లోపల తిరిగి వీధంతా వినబడుతుంది. ఎదురింటావిడ చాలా మర్యాదగా ఒక మెసేజ్ పెట్టారు, ఆదివారాలు పది దాటాక మొదలుపెట్టగలరా అని. అప్పటి నుంచి మధ్యాహ్నాలే చేశాం.

దిమ్మ ఆనించి కొట్టినా బిగియని రివెట్లు, తల అరిగినవి డ్రిల్‌తో తీసేయాల్సి వచ్చింది. తల నడిమధ్య పంచ్‌తో గుంట పెట్టి, తల మాత్రమే డ్రిల్ చేసి, మిగతాది వెనక్కి తట్టాలి. తొందరపడి రివెట్ మొత్తం డ్రిల్ చేస్తే రంధ్రం పెద్దదవుతుంది. 3/16 రివెట్‌కు 11వ నంబరు బిట్ సరిపోయింది. అప్పటికే సాగిపోయిన రంధ్రాలు ఉన్నాయి, వాటికి పావు అంగుళం రివెట్లు వేశాను. లోపలికి ఏ చెయ్యీ పట్టని చోట కొన్ని ఉన్నాయి, అక్కడ మాత్రం పాప్ రివెట్లే, అవి కూడా చివర మూసి ఉండే రకం, లోపలి పుల్ల కూడా అల్యూమినియందే. పుల్ల ఉక్కుదైతే తుప్పు పట్టి ఊడి, అదే రంధ్రం అవుతుంది. కొత్తగా వేసిన ప్రతిదానికీ ముందు కాస్త సీలెంట్ ముంచి వేశాను.

ముందు భాగంలో కీల్ కింద రెండంగుళాల చీలిక ఒకటి ఉంది, ఏళ్ళ తరబడి కంకర ఒడ్డుకు ఈడ్చినందుకు. దీనికి అతుకు లోపలి వైపు వేశాను. 5052 రేకు ముక్క, మూలలు గుండ్రంగా కోసి, అంచు చుట్టూ రెండు వరసల రివెట్లు, మధ్య సీలెంట్. మూలలు కోణంగా వదిలేస్తే అక్కడి నుంచే కొత్త పగులు మొదలవుతుంది. సీలెంట్ 3ఎం 5200 వాడాను. ఇది గట్టిపడడానికి గాలిలో తేమ కావాలి, వెచ్చదనం కావాలి. ట్యూబు మీద వారం అని ఉంటుంది, ఏప్రిల్ నెల మా గ్యారేజీలో పది రోజులు దాటినా వేలితో నొక్కితే మెత్తగానే ఉంది. ఒకటే టెన్షన్, ట్యూబు పాతదేమోనని. తర్వాత నేల మీద నీళ్ళు చల్లి, చిన్న హీటర్ అద్దెకు తెచ్చి పెడితే మూడు రోజుల్లో దారికొచ్చింది. మే మధ్యలో వాల్‌ఐ చేపల సీజన్ మొదలయ్యే శనివారం ఇక్కడ పండగ లాంటిది, ఆ రోజు వీధిలో అందరి బోట్లూ వెళ్ళిపోయాయి, మాది దిమ్మల మీదే ఉంది.

రివెట్లు, అతుకులు అయ్యాకే లోపల అతుకుల వెంట గ్లూవిట్ పూశాను. అది రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ. హీట్ గన్‌తో రేకును కాస్త వెచ్చబరిస్తే పల్చబడి సందుల్లోకి తనంతట తానే దిగుతుంది.

ట్రాన్సమ్‌కు ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, అంచులతో సహా ఎపాక్సీ పట్టించాను. చవకని, పుచ్చదని ప్రెషర్ ట్రీటెడ్ చెక్క వేయకండి. అందులో రాగి మందు ఉంటుంది, తడిలో అది అల్యూమినియంను తినేస్తుంది. బోటు అడుగున వేసే రంగుల్లో కూడా రాగి ఉన్నవి పనికిరావు. బెంచీల కింద తీసేసిన ఫోమ్ ఎంత ఉందో అంత తిరిగి పెట్టాలి, ఖాళీగా వదిలితే బోటు నిండినప్పుడు తేలదు. ఒక ఘనపు అడుగు ఫోమ్ దాదాపు 60 పౌండ్లను తేలుస్తుంది. నేను ఇళ్ళ గోడలకు వాడే గులాబీ రంగు షీట్లు కోసి పెట్టాను. పెట్రోలు తగిలితే అది కరిగిపోతుంది, కాబట్టి ట్యాంకు దగ్గర మాత్రం జాగ్రత్త. రంగు గురించి రాయడానికేం లేదు, ముందు సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ (రేకును కాస్త కొరికి పట్టుకునే తొలి పూత), తర్వాత పచ్చరంగు, అది మా అమ్మాయి ఎంపిక.

జూన్ మొదట్లో మళ్ళీ నీళ్ళు పట్టాం. అరవై గుర్తుల్లో ఒక్కటీ కారలేదు. కానీ వెనక మూల నుంచి చుక్క చుక్క పడుతూనే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, కొత్త చెక్క మళ్ళీ విప్పాలేమోనని. తెల్లారి చూస్తే అది రివెట్ కాదు, నీళ్ళు వదిలే బిరడా బిగించే ఇత్తడి గొట్టం. దాని అంచు కింద అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలింది. గొట్టం పీకి, శుభ్రం చేసి, సీలెంట్‌తో కొత్తది వేశాను, ఎనిమిది డాలర్లు. పాత బోటు చూడడానికి వెళితే రివెట్లకంటే ముందు అక్కడ చూడండి. ఈ బిరడా విషయంలో ఇక్కడి చట్టం కూడా ఒకటుంది, బోటును రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు అది తీసే ఉంచాలి. జీబ్రా మసల్స్ (బయటి నుంచి వచ్చి చెరువుల్ని పాడుచేసే చిన్న గుల్లజీవులు) లాంటివి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీళ్ళతో పాటు పోకుండా ఈ ఏర్పాటు. ర్యాంపు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి మాది వంగి మరీ చూసింది.

ఖర్చు: రివెట్లు, దిమ్మ, మొనలు కలిపి 160 దాకా, ఎయిర్ హ్యామర్ 90 (కంప్రెసర్ స్నేహితుడిది), అల్యూమినియం, మడత కూలి కలిపి 180, గ్లూవిట్ 120, సీలెంట్ 75, ప్లైవుడ్, ఎపాక్సీ 170, ఫోమ్ 110, రంగులు 140. చిల్లర మల్లర వదిలేసినా 1000 డాలర్లు దాటింది, అంటే బోటు కొన్నదానికంటే ఎక్కువ. నా శనివారాల లెక్క మా ఆవిడ దగ్గర ఉంది.

చిన్న చెరువులో రోజంతా తిరిగినా లోపల పొడిగానే ఉంది. తర్వాత మిన్నటోంకా అనే పెద్ద చెరువుకు తీసుకెళ్ళాం, వారాంతాల్లో అక్కడ పెద్ద బోట్లు లేపే అలలు మామూలుగా ఉండవు, ఎగిరెగిరి పడింది. సాయంత్రానికి వెనక మూలలో ఒక టీ గ్లాసు నీళ్ళు చేరాయి. ఇంటికొచ్చి చూస్తే మధ్య బెంచీకి ఎడమ వైపు, నేను మార్చకుండా బిగించి వదిలేసిన పాతవాటిలో రెండు. సున్నాలు చుట్టి ఉంచాను. రివెట్లు ఇంకా అర పౌండు మిగిలాయి, అక్టోబరులో బోటు లోపల పెట్టేముందు ఆ రెండూ తీసి కొత్తవి వేస్తాం, దిమ్మ పట్టుకోవడానికి మా అమ్మాయి ఇప్పుడు గంటకు పది డాలర్లు అడుగుతోంది.